ఏసీ ఆపండి

మొగిలి ఘాట్ మొదటి మలుపు కనబడగానే మా ఆవిడ చెయ్యి దానంతటదే డ్యాష్‌బోర్డు మీదికి పోతుంది. "ఏసీ ఆపండి" అనడమూ, బటన్ నొక్కడమూ ఒకేసారి జరిగిపోతాయి. పన్నెండేళ్లుగా చిత్తూరు నుంచి బెంగళూరికి తిరిగొచ్చే ప్రతిసారీ ఇదే తంతు. బంగారుపాళెం దాటితే ఏసీ బందు, అద్దాలు కిందికి, ముందున్న లారీ పొగ లోపలికి. ఘాట్ ఎక్కేదాకా ఎవరం మాట్లాడం. మాటల బరువుకు కూడా బండి ఆగిపోతుందేమోనని మా భయం.

మాది 796 సీసీ బండి. మూడు సిలిండర్లు, 47 గుర్రాలు. ఇది షోరూములో చెప్పిన లెక్క. ఇన్నేళ్లలో వాటిలో కొన్ని ముసలివైపోయుంటాయి, ఒకటో రెండో కొట్టంలో పడుకుని లేవడం మానేసుంటాయి. ఏసీ కంప్రెసర్‌ని తిప్పేది కూడా ఇంజనే, బెల్టుతో. ఆ పనికి రెండు మూడు గుర్రాలు పోతాయి. పెద్ద కార్ల వాళ్లకు ఇది చిల్లర ఖర్చు. మాకు మాత్రం నాట్లప్పుడు ఇంట్లో ఎద్దుని ఎవరో తోలుకుపోయినట్టు. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చెన్నైతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ, ఇంజన్ బలమూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. అంటే ఊళ్లో ఉండగానే నాలుగైదు గుర్రాలు మేతకెళ్లిపోయినట్టు లెక్క.

ఈ లెక్కలన్నీ చెప్పి నా కళ్లు తెరిపించినవాడు మా బామ్మర్ది. వాడు రామ్మూర్తినగర్‌లో మాతోనే ఉండి ఉద్యోగం చేస్తాడు, లేదా చేస్తున్నానంటాడు.

"పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడి గాలి ఉంది చూడు బావా, దాంతో ఒక చక్రం తిప్పుతాం. అదే ఇరుసుకి అవతలి కొసన ఇంకో చక్రం. అది బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ గుర్రాలు. దీన్నే టర్బో అంటారు. ఇదేం కొత్తది కాదు, 1905లోనే స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ పేటెంటు తీసుకున్నాడు. పారబోసే గంజితో చొక్కాకి ఇస్త్రీ నిలబెట్టినట్టు. అంతా ఫ్రీ!"

ఆ చివరి మాట దగ్గరే నేను పడిపోయాను.

పడినవాణ్ని లేవనీకుండా ఇంకోటి వేశాడు. 1987లో జపాన్‌లో సుజుకి ఆల్టో వర్క్స్ అని ఒక బుల్లి కారు వచ్చిందట. 543 సీసీ ఇంజన్‌కి టర్బో పెట్టి 64 గుర్రాలు రాబట్టారట. "మనది 796 బావా. నువ్వే లెక్కేసుకో." కరెంటు బిల్లు వెనకాల త్రైరాశికం వేశాను. 94 వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ 94. జపాన్ వాళ్లు ఆ ఇంజన్‌ని మొదటినుంచీ టర్బో కోసమే సిద్ధం చేసి పెట్టారన్న సంగతి త్రైరాశికంలో రాదు కదా.

నేను పెట్టిన షరతు ఒక్కటే: ఏసీ ఉండాలి. చవకలో టర్బో పెట్టించుకునే కుర్రాళ్లు మొట్టమొదట పీకి పారేసేది ఏసీనేనట. మా మెకానిక్‌దీ అదే మాట. ముళబాగిలు మనిషి, తెలుగు కన్నడ కలిపి ఒకే పాత్రలో వండి వడ్డిస్తాడు. బానెట్ లేపి, లోపలికి తొంగిచూసి, "ఏసీ తీసేస్తే జాగా అవుతుంది సార్. నాలుగు దినాల్లో ఇచ్చేస్తా" అన్నాడు.

"ఏసీ కోసమే కదయ్యా ఇదంతా."

తిరుపతిలో గుండు కొట్టించుకోడానికి కూర్చుని క్రాపు చెడకూడదన్నవాణ్ని చూసినట్టు చూశాడు. అయినా మంచివాడు. "ఏమీ యోచన చేయొద్దు సార్, చూస్తాం" అన్నాడు. ఆ 'చూస్తాం'లో ఎన్ని వేలున్నాయో నాకప్పుడు తెలీదు.

టర్బో కోసం శివాజీనగర్ గుజిరీకి వెళ్లాం. విప్పేసిన కార్ల కాళ్లూ చేతులూ కుప్పలు పోసి అమ్మే సందులు అవి. ఒక కొట్లో భాయ్ గోనెపట్టా కిందనుంచి తీసి నా చేతిలో పెట్టాడు. రెండు ఇనప నత్తలు వీపూ వీపూ ఆనించి అతుక్కున్నట్టుంది. ఏదో డీజిల్ బండిదట. ఒక నత్త నోట్లోంచి చూస్తే చిన్న రెక్కల చక్రం. మెకానిక్ దాన్ని వేలితో మీటాడు. చప్పుడు లేకుండా గిర్రున తిరిగి, చాలాసేపటికి గాని ఆగలేదు. "ఇది ఓడేటప్పుడు నిమిషానికి లక్ష సుత్తులు దాటుతుంది సార్" అన్నాడు. లక్ష సుత్తులేమిటా అని హడలిపోయాను. తర్వాత తెలిసింది, కన్నడంలో ఓడడమంటే పరుగెత్తడం, సుత్తు అంటే చుట్టు. ఇరుసు కొసని రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపాడు, లోపలికీ బయటికీ లాగాడు. పక్కలకి రవ్వంత ఆడితే ఫరవాలేదట, లోపలికీ బయటికీ ఆడితే పని అయిపోయినట్టట. మా బామ్మర్ది కూడా ఊరుకోక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయలో నీళ్లున్నాయేమో చూసినట్టు ఊపాడు. పద్నాలుగు వేలన్నది తొమ్మిదికి తెగింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో మొత్తం పని ముప్పై వేలన్నాను. ఆ క్షణాన అది అబద్ధం కాదు, ఆశ.

తర్వాత వరసగా వచ్చాయి. వెల్డింగు చేయించిన మ్యానిఫోల్డు, టర్బోకి నూనె తెచ్చే పైపు, ఆ నూనె తిరిగి ఇంజన్ అడుగునున్న సంపులోకి జారడానికి ఇంకో పైపు, పెద్ద ఇంజెక్టర్లు, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌ని మభ్యపెట్టడానికి ఇంకో బుల్లి కంప్యూటరు, కొత్త ప్లగ్గులు. నేను ముప్పై వేలన్న మాట మీదే నిలబడ్డాను. బిల్లు మాత్రం లేచి నడిచి ఎనభై ఆరు వేల దగ్గర ఆగింది. ఆ రోజు కారు అమ్మకానికి పెట్టుంటే అంత వచ్చేది కాదు.

అసలు తంటా ఇంటర్‌కూలర్ దగ్గర వచ్చింది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టిన ప్రతివాడికీ ఇది వేళ్లతో తెలుసు. ఆ వేడి గాలి అలాగే ఇంజన్‌లోకి పోతే పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని, డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు చప్పుడొస్తుంది. నాలుగు రోజులు ఆ చప్పుడు వింటే పిస్టన్లకు నూకలు చెల్లినట్టే. కాబట్టి గాలిని చల్లార్చి పంపాలి. చల్లార్చడానికి కారు మూతి దగ్గర ఎదురుగాలి తగిలే చోటు కావాలి. అక్కడ చూస్తే ముందు వరసలో ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరు, దాని వెనక రేడియేటరు ఇదివరకే టవల్ వేసి కూర్చున్నాయి. మెకానిక్ కాసేపు గడ్డం గోక్కుని, "స్వల్ప అడ్జస్ట్ మాడి", అంటే కొంచెం సర్దుకోండి, అంటూ ఇంటర్‌కూలర్‌ని కండెన్సర్ ముందు కూర్చోబెట్టాడు. బెంగళూరు సిటీ బస్సులో ముగ్గురి సీట్లోకి నాలుగోవాడు వచ్చేదీ ఈ మాటతోనే. వాడొచ్చాక ఎవరికీ గాలాడదు.

ఊళ్లో దాని సత్తా చూద్దామంటే కుదరలేదు. ఇంజన్ మూడు వేల ఆర్‌పీఎం, అంటే నిమిషానికి మూడు వేల చుట్లు, దాటితే గాని మా టర్బో నిద్ర లేవదు. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి మూడు వేల ఆర్‌పీఎం ఎక్కణ్నుంచి తెస్తాం? రెండు వారాలు ఎనభై ఆరు వేల రూపాయల ఇనుముని ఫస్టు గేర్లో ఊరేగించాను. పైగా దానికో మర్యాద ఉంది. ఇంటికి రాగానే ఇంజన్ ఆపెయ్యకూడదు, నిమిషం సేపు ఊరికే నడవనివ్వాలి. లేకపోతే టర్బోలో నూనె మాడి గడ్డకడుతుందట. రోజూ పార్కింగులో స్టీరింగ్ పట్టుకుని అలా కూర్చుంటుంటే, వాచ్‌మన్ ఒకరోజు అద్దం మీద తట్టి, మెల్లిగా "ఇంట్లో ఏమన్నా గలాటానా సార్?" అన్నాడు.

మూడో అంతస్తులో రిటైరైన లాయరుగారు ఇంకో అడుగు ముందుకేశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనట. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పిందట. ఇన్సూరెన్సు సంగతి ఆయన నోటితో చెప్పలేదు, చేతులు తిప్పి చూపించారు.

మే నెలలో మా అత్తని తీసుకురావడానికి బయల్దేరాం. పొద్దున్నే హొసకోట దాటాక ఖాళీ రోడ్డు దొరికింది. తొక్కాను. "ఈఈఈ" అని సన్నటి ఈల, సీటు వీపుని తోసింది. కాలు తీయగానే "తుస్సు". వెనక సీట్లో మా బామ్మర్దికి కళ్లు చెమర్చాయి. ముళబాగిలు, నంగిలి, పలమనేరు, ఘాట్ దిగుడు, అంతా హాయి. ఏసీ ఎంత చల్లగా ఉందంటే మా ఆవిడ చున్నీ కప్పుకుంది. కాణిపాకంలో దర్శనం చేసుకుని, చిత్తూరులో అత్తనీ, బియ్యం మూటనీ, రెండు పెట్టెల బేనీషా మామిడికాయల్నీ ఎక్కించుకుని మధ్యాహ్నం వెనక్కి తిరిగాం.

మొదటి మలుపు. మా ఆవిడ చెయ్యి లేచింది.

"ముట్టుకోవద్దు" అన్నాను. ఈ ఒక్క మాట కోసమే కదా ఎనభై ఆరు వేలు.

తొక్కాను. ఈల మొదలైంది. ముందు లారీ ఉంది. పన్నెండేళ్లలో ఘాట్ మీద మేము దాటిన మొదటి లారీ అదే. క్లీనరు తల బయటపెట్టి మమ్మల్ని నోరు తెరుచుకుని చూశాడు.

"ఏం నాయనా, కుక్కర్ ఏమన్నా స్టవ్ మీద పెట్టి వచ్చినారా?" అంది మా అత్త.

"టర్బో అత్తా."

"యాడో ఒగ సోట మూత గట్టిగా పెట్టలేదు, సూడు."

రెండో మలుపులో "టక్" మంది. ఏసీ గాలి గోరువెచ్చనైంది. కాలు తీస్తే కాసేపటికి మళ్లీ "టక్", చల్లన. తొక్కితే మళ్లీ వెచ్చన. ఇంటర్‌కూలర్ వదిలే వేడంతా వెనకున్న కండెన్సర్ మీద పడుతోంది. దాని లోపల గ్యాసు ఒత్తిడి హద్దు దాటేసరికి ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తోంది. ఇదివరకు ఘాట్ మీద ఏసీ ఆపడానికి ఒక మనిషి కావలసొచ్చేది, ఇప్పుడు కారే ఆపుకుంటోంది.

మూడో మలుపు దాటాక బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. ఏసీ నీళ్లు కారే గొట్టం ఉంటుంది కదా, జాగా కోసం మెకానిక్ దాన్ని కొంచెం జరిపాడు. ఆ చుక్కలు ఒక్కొక్కటే వెళ్లి టర్బో కింద కాలుతున్న పైపు మీద పడుతున్నాయి. చుయ్... చుయ్... పెనం మీద నీళ్లు చిలకరించి, దోసెకి వేడి సరిపోయిందా అని చూసినట్టు. ఉష్ణోగ్రత ముల్లు కూడా ఎర్ర గీత వైపు నడుస్తోంది. పక్కకి తీసి ఆపాను. దాటొచ్చిన లారీ మెల్లిగా, మహా మర్యాదగా మా పక్కనుంచి పోయింది. క్లీనరు చెయ్యి ఊపాడు.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టడం నా తప్పే.

"ఘాట్ మీద ఏసీ ఎందుకు సార్?" అన్నాడు. "ఏసీ ఆపి ఎక్కండి. బండి జుమ్మని పోతుంది."

కొండంతా నిశ్శబ్దం. మా ఆవిడ చెయ్యి చాపి, ఇప్పటికే ఆగిపోయిన ఏసీ బటన్‌ని ఒకసారి నొక్కింది. తర్వాత నావైపు తిరిగింది.

"మొత్తం ఎంతయింది?"

"చెప్పాను కదా. ముప్పై."

మా బామ్మర్ది గబుక్కున దిగి మామిడికాయల పెట్టెలో ఏవన్నా మెత్తబడ్డాయేమోనని ఒక్కొక్కటే నొక్కి చూడడం మొదలుపెట్టాడు. వాడు కాయలు చూడడం నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు.

"ఆ మాటేదో కాణిపాకం వినాయకుడి ముందర సెప్పు నాయనా, సాలు" అంది మా అత్త, చల్లగా. అక్కడ ప్రమాణానికి నిలబడి అబద్ధమాడినవాళ్ల కథలు ఆవిడకి చిన్నప్పట్నుంచీ నోటికొచ్చు.

"ఇప్పుడు మళ్లీ వెనక్కి కాణిపాకమా అత్తా? ఈ ఎండలోనా?"

"ఏముంది, అంతా దిగుడే కదా" అంది మా ఆవిడ, సీటు బెల్టు పెట్టుకుంటూ. "ఏసీ వేసుకునే పోవచ్చు."