మహారాజశ్రీ టేబుల్.కంబైన్ గారికి

ఉభయకుశలోపరి.

ఎక్సెల్‌లో డేటా సర్దిపెట్టే పవర్ క్వెరీలో, టేబుళ్లను ఒకదాని కింద ఒకటి పేర్చే ఫంక్షన్ అయిన తమరు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం కాదు. శనివారం మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా 12 బ్రాంచీల సేల్స్ షీట్లు తమ చేతిలో పెట్టాను. చిటికెలో కలిపిచ్చారు. ఒక్క ఎర్రర్ లేదు, ఎంత మర్యాదండీ! పివట్ వేసి, టోటల్ తీసి, మెయిల్ కొట్టి, అప్పుడు పెరుగన్నం తిన్నాను.

సోమవారం మీటింగులో మా మేనేజర్ అడిగారు: "తుని, నంద్యాల, కోదాడ ఈ నెల ఒక్క రూపాయి కూడా అమ్మలేదా?"

అమ్మారండీ. తునివాళ్లు హెడ్డింగులో 'అమౌంట్' మొదటి అక్షరం చిన్నది కొట్టారు. కోదాడవాళ్లు అన్నీ పెద్దక్షరాలే. నంద్యాల ఆయన సరిగ్గానే రాసి, చివర స్పేస్ ఒకటి నొక్కాడు. దాన్ని పట్టుకోవడానికి ఎఫ్2 కొట్టి, కర్సర్ ఆఖరి అక్షరాన్ని ఆనుకోకుండా రవ్వంత ఎడంగా నిలబడటం చూడాల్సి వచ్చింది. తమరేం చేశారు? స్క్రీన్ దాటాక, కుడివైపు చివర మూడు కొత్త కాలమ్‌లు వేసి, ఆ డబ్బంతా అక్కడ దాచి, అసలు కాలమ్‌లో ఆ మూడు ఊళ్లకీ ఖాళీకి గుర్తుగా నల్, నల్, నల్ అని నింపేశారు.

పోనీ తమకి పట్టింపులు లేవా అంటే, తమ పేరులో 'టి' చిన్నక్షరం పడితే చాలు, ఈ పేరెవరిదో తెలియదు, స్పెల్లింగ్ చూసుకో అని పసుపు పట్టీ కట్టి నిలదీస్తారు. నీ పేరుకైతే అంత గొడవా? నా కాలమ్ పేరులో తేడా వస్తే మాత్రం నోరెత్తకుండా వేరు కాపురం పెట్టించేస్తావా? కలపమని కదయ్యా నిన్ను పిలిచింది!

వరసలు పేర్చకుండా పక్కన కాలమ్‌లు అతికించే మీ పక్కింటి మెర్జ్ సంగతి ఇప్పుడు ఎత్తను. ఆ బటన్ పేరు చూసి మోసపోనివాడు మా ఆఫీసులో లేడు. అడక్కుండా దూరి కాలమ్‌ల డేటా టైపు మార్చేసే చేంజ్‌డ్ టైప్ స్టెప్పుకి వేరే ఉత్తరం రాస్తాను.

ఇప్పుడు నీ దగ్గరికి పంపేముందు ప్రతి టేబుల్‌కీ టెక్స్ట్.ట్రిమ్‌తో హెడ్డింగుల తోకలు కోసి, టెక్స్ట్.లోవర్‌తో అన్నీ చిన్నక్షరాలు చేసి, బడికి తయారుచేసిన పిల్లల్లా వరసగా పంపుతున్నాను. నిన్న 13వ బ్రాంచి ఫైలు ఫోల్డర్‌లో పడేసి రిఫ్రెష్ కొడితే, టీ కప్పు ఎత్తేలోగా వచ్చి చేరింది. సగం కోపం దిగిపోయింది, అబద్ధమెందుకు.

తర్వాత తుని వరసలు చూశాను. ఈ నెల వాళ్లు 'అమౌంట్' తీసేసి 'సేల్స్' అని పెట్టారు. నువ్వు షరా మామూలే, కిక్కురుమనలేదు.