చదువు ఎక్కని పిల్లల రక్తం ఎవరు చూస్తున్నారు?

పాల పన్ను ఊడితే దాన్ని ఆవు పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లం. కొత్త పన్ను చక్కగా వస్తుందని అమ్మ చెప్పేది. 1970లలో అమెరికాలో బోస్టన్‌ను ఆనుకుని ఉన్న చెల్సీ, సోమర్‌విల్ అనే ఊళ్లలో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు ఊడిన పళ్లను బడికి తెచ్చి ఇచ్చారు. అడిగింది హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరు. రెండు వేలకు పైగా పిల్లల పళ్లు ఆయన చేతికి వచ్చాయి. ఆ పళ్లలో సీసం (లెడ్) ఎంత ఉందో ఆయన కొలిచారు.

పన్నే ఎందుకంటే, రక్తంలో చేరిన సీసం నెల రోజుల్లోనే దాదాపు సగానికి తగ్గిపోతుంది. రెండేళ్ల వయసులో పాకుతూ, నేల మీద దొరికింది నోట్లో పెట్టుకుంటూ మింగిన సీసం ఆ బిడ్డ ఏడేళ్లకు బడిలో కూర్చునేసరికి రక్తపరీక్షకు దొరక్కపోవచ్చు. పంటిలో మాత్రం ఉండిపోతుంది. ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా తెలియదు. కాల్షియం అనుకుని దాన్ని తీసుకెళ్లి ఎముకల్లో, పళ్లలో దాచుకుంటుంది. అదే పొరపాటు మెదడులోనూ జరుగుతుంది. ఒక నరాల కణం నుంచి ఇంకో కణానికి కబురు అందాలంటే కాల్షియం కావాలి. సీసం ఆ చోటులో దూరి కూర్చుని కబురును చెడగొడుతుంది. అది కూడా మెదడు తన తీగలన్నీ కలుపుకుంటున్న వయసులో. పైగా పెద్దవాళ్లు మింగిన సీసంలో పదో వంతు ఒంటపడితే, చిన్నపిల్లల్లో సగం దాకా ఒంటపడుతుంది.

ఇంతవరకూ వైద్యం, జీవశాస్త్రం. నీడిల్‌మన్ చేసిన గొప్ప పని నా దృష్టిలో ఆ తర్వాతది. ఆయన టీచర్లకు పదకొండు ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. ప్రతి ప్రశ్నకూ అవును, కాదు అని గుర్తు పెడితే చాలు. ఈ పిల్లాడి ధ్యాస ఇట్టే చెదిరిపోతుందా? మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా? కూర్చున్నచోటే కలలు కంటుంటాడా? ఒక చిన్న పని చెబితే చెప్పినట్టు చేయగలడా? రెండు మూడు పనులు వరుసగా చెబితే? ఏ పిల్లాడి పంటిలో ఎంత సీసం ఉందో టీచర్లకు తెలియదు. రోజూ తరగతిలో చూసేదే రాశారు. రెండు వేల మందికి పైగా పిల్లల కాగితాలను పంటి లెక్కల పక్కన పెట్టి చూస్తే, సీసం పెరిగేకొద్దీ పిల్లాడికి ఇబ్బంది ఉందని చెప్పే గుర్తులు మెట్టుమెట్టుగా పెరుగుతూ పోయాయి. మన బళ్లలో 'చెప్పింది చెవికెక్కదు', 'బుర్ర ఎక్కడో ఉంటుంది' అని విసుక్కునే మాటలకు ఒక లోహంతో లెక్క కుదిరింది.

సీసం ఎక్కువగా ఉన్న పిల్లలకూ తక్కువగా ఉన్న పిల్లలకూ ఐక్యూలో సుమారు నాలుగు పాయింట్ల తేడా వచ్చింది. ఒక్క పిల్లాడిలో అయితే నాలుగు పాయింట్లు కన్నతల్లికి కూడా తెలియవు. ఊరు ఊరంతా నాలుగు పాయింట్లు కిందికి జారితే వేరు. చదువులో బాగా వెనకబడేవాళ్లు చాలా పెరుగుతారు, అందరికంటే ముందుండేవాళ్లు తరిగిపోతారు. 1979లో ఈ ఫలితాలు వచ్చాయి. పదకొండేళ్ల తర్వాత అదే పిల్లల్లో కొందరిని వెతికి మళ్లీ చూశారు. పంటిలో సీసం ఎక్కువున్నవాళ్లు హైస్కూలు పూర్తి చేయకుండా మానేసే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉందని తేలింది.

దీనికి ఆయన గట్టి మూల్యమే చెల్లించారు. సీసం పరిశ్రమ తరఫున సాక్షులుగా కుదిరిన ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఆయన పరిశోధనలో అక్రమం జరిగిందని 1991లో ఫిర్యాదు చేశారు. తాను పనిచేస్తున్న పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలోనే ఆయన విచారణకు నిలబడాల్సి వచ్చింది. ఆ విచారణలో మోసం ఏమీ జరగలేదని తేలింది. ఈలోగా పెట్రోలులో, ఇంటి రంగుల్లో సీసం తగ్గుతూ వచ్చింది. అమెరికాలో ఐదేళ్ల లోపు పిల్లల రక్తంలో 1970ల చివర సగటున డెసిలీటరుకు (వంద మిల్లీలీటర్లకు) 15 మైక్రోగ్రాములున్న సీసం 1990 నాటికి 4 కంటే కిందికి దిగింది. ఒక తరం పిల్లల మెదడుకు ఇంత మేలు చేసిన పనులు వైద్యచరిత్రలో ఎన్నో లేవు.

మన దగ్గరికి వద్దాం. 1990ల చివర బెంగళూరు కేంద్రంగా పలు నగరాల్లో 22 వేల మంది వరకు రక్తం పరీక్షించారు. వాటిలో హైదరాబాద్ కూడా ఉంది. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో సగం మందికి పైగా సీసం 10 మైక్రోగ్రాములు దాటి కనిపించింది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు అనే హద్దు పెట్టారు. సమస్య తీరిపోయిందని మనం అనుకున్నాం. 2020లో యునిసెఫ్ ప్రపంచమంతా లెక్క తీస్తే, 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు సుమారు 80 కోట్లు. అందులో మూడో వంతు మన దేశంలోనే ఉన్నారని అంచనా. పాత బ్యాటరీలను పెరట్లో కరిగించడం, నాసిరకం రంగులు, కొన్ని రకాల సుర్మాలు, కాటుకలు, మసాలాల్లో కల్తీ, ఇలా సీసం ఒంట్లో చేరే దారులు చాలా ఉన్నాయి.

అదే 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. చిన్నపిల్లలూ ఉన్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్తం నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. కొన్నాళ్లకు టీవీలు వేరే వార్తల్లోకి వెళ్లిపోయాయి. మామూలు రోజుల్లో ఆ ఊరి పిల్లల రక్తంలో సీసం ఎంత ఉంటుందో ముందే ఒక లెక్క చేతిలో ఉంటే, ఆ రోజు దొరికిన అంకె మామూలుదా, ప్రమాదమా అన్నది ఒక్క పూటలో చెప్పగలిగేవాళ్లు. ఆ లెక్క తీసిపెట్టుకోవడం ఆస్పత్రి పని కాదు, యూనివర్సిటీ పని.

యూనివర్సిటీ అనుకుంటే ఏం చేయగలదో చూడాలంటే పక్కనున్న బంగ్లాదేశ్ దాకా వెళితే చాలు. అక్కడి పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉంటోంది. దగ్గర్లో ఫ్యాక్టరీ లేదు, రంగుల ఇళ్లు లేవు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు, ఢాకాలోని ఐసీడీడీఆర్,బీ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు కలిసి మట్టి, బియ్యం, వంటపాత్రలు, మందులు అన్నీ వెతికారు. సీసంలోనూ రకాలుంటాయి. ఏ గనిలోది ఆ గని గుర్తు మోస్తుంది. ఆడవాళ్ల రక్తంలోని సీసం గుర్తును వెతికితే పసుపుతో సరిపోయింది.

పసుపు పని దగ్గరగా చూసినవాళ్లకు ఇది ఎలా జరుగుతుందో వెంటనే తెలుస్తుంది. తవ్విన కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, గుండ్రంగా తిరిగే డ్రమ్ములో వేసి పాలిష్ పడతారు. పై తోలు రాలిపోయి కొమ్ము పచ్చగా తేలుతుంది. దుగ్గిరాలలోనైనా నిజామాబాద్‌లోనైనా మెరిసే కొమ్ముకే ధర. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలు వచ్చి కొమ్ములు తడిసి నల్లబడితే, వ్యాపారులు పాలిష్ పట్టేటప్పుడు పెయూరి అనే పచ్చటి పొడి కలపడం మొదలుపెట్టారు. అది లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పొడి, రంగుల పరిశ్రమలో వాడే సరుకు. వరదలు పోయాయి, అలవాటు మిగిలింది. పరిశోధకులు మిల్లుల్లోకి వెళ్లి, పాలిష్ పట్టేవాళ్లతో కూర్చుని మాట్లాడి ఈ సంగతి రాబట్టారు.

2019లో ఫలితాలు బయటపెట్టాక ప్రభుత్వం కదిలింది. పత్రికలు రాశాయి, బజార్లలో నోటీసులు అంటించారు, కల్తీ చేసినవాళ్లకు జరిమానాలు వేశారు. 2019లో మార్కెట్లో తీసిన పసుపు నమూనాల్లో 47 శాతం కల్తీ ఉంటే 2021 నాటికి ఒక్కటీ లేదు. మిల్లు పనివాళ్ల రక్తంలోనూ సీసం మూడో వంతు దాకా తగ్గింది. ఆ తర్వాత అదే బృందం మన దేశంతో సహా దక్షిణాసియాలో పసుపు పరీక్షిస్తే, పట్నా, కరాచీ, పెషావర్ నమూనాల్లో సీసం విపరీతంగా కనిపించింది. మన యార్డుల పసుపులో ఇది ఉందని నేను అనడం లేదు. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే ఉంది కాబట్టి, ప్రతి సీజన్‌లో కొమ్ములు పరీక్షించి ఫలితం బోర్డు మీద రాసిపెడితే మన రైతుకే మేలు, మన పసుపుకే పేరు.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఒకటుంది. హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ దారి చూడండి. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే ఉంది. జీవకణాలు చదివే సీసీఎంబీ అక్కడే ఉంది. రాళ్ల వయసు లెక్కగట్టే ఎన్‌జీఆర్‌ఐ దాని పక్కనే. ఉస్మానియా యూనివర్సిటీ, అందులో టీచర్లను తయారుచేసే ఎడ్యుకేషన్ కాలేజీ ఆటో ఎక్కితే పది నిమిషాలు. నీడిల్‌మన్‌కు కావలసినవన్నీ ఒక్క సిటీ బస్సు రూట్‌లో ఉన్నాయి. లేనిది వాటిని కలిపే ఏర్పాటు. 1986లో మెడికల్ కాలేజీలను ఉస్మానియా, ఆంధ్ర లాంటి యూనివర్సిటీల నుంచి విడదీసి విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కిందికి తెచ్చాం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వరంగల్‌లో ఇంకోటి వచ్చింది. పరీక్షలు, అడ్మిషన్లు సులువయ్యాయి, నిజమే. కానీ పిల్లల డాక్టరు, జీవశాస్త్రం లెక్చరరు, బీఈడీ చెప్పే మాస్టారు ఒకే క్యాంటీన్‌లో టీ తాగే అవకాశం పోయింది. పిల్లల ఎదుగుదల మీద చదువు చెప్పే విభాగమేమో వ్యవసాయ యూనివర్సిటీ కింద, ఒకప్పుడు హోంసైన్స్ అని పిలిచిన కాలేజీలో ఉంది. ఒకే పిల్లాడిని నాలుగు ముక్కలు చేసి నాలుగు యూనివర్సిటీలకు పంచాం.

టీచర్ల ఖాళీలు, పేదరికం, తల్లిదండ్రుల వలస ఉండగా సీసం గోల ఏమిటని ఎవరైనా అడగొచ్చు. అవన్నీ నిజమే, సీసం ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. కానీ ఇవి విడివిడిగా ఉండవు. ఒంట్లో ఐరన్ తక్కువైన పిల్లలకు సీసం ఇంకా ఎక్కువ ఒంటపడుతుంది, పేగుల్లో రెండింటికీ దారి ఒకటే కాబట్టి. ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత మన రెండు రాష్ట్రాల్లోనూ అరవై శాతానికి పైనే ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పేద ఇంటి బిడ్డకు రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. పల్లె పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ నివేదిక వచ్చిన ప్రతిసారీ ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని టీచర్లను తిడతాం. ఆ పిల్లల రక్తం సంగతి ఎవరూ ఎత్తరు.

తర్వాత మందు వేద్దాంలే అనుకునే వీలు కూడా లేదు. అమెరికాలో 780 మంది చిన్నపిల్లల మీద సీసాన్ని బయటికి లాగే మందు వాడి చూశారు. రక్తంలో సీసం తగ్గింది. మందు తీసుకున్నవాళ్లకు, తీసుకోనివాళ్లకు తెలివితేటల పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. 2001లో ఆ ఫలితం వచ్చింది.

నీడిల్‌మన్ కుర్ర డాక్టరుగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు సీసం ఎక్కి మత్తుగా పడున్న మూడేళ్ల పాపను కాపాడారు. ఆ ఇంట్లో గోడల రంగు పెచ్చులూడుతోంది, మళ్లీ అక్కడికి తీసుకెళ్లొద్దని తల్లికి చెప్పారు. ఆమె ఆయన్ను ఒకటే అడిగింది: మరి ఎక్కడికి వెళ్లమంటారు, నా చేతిలో ఉన్న డబ్బుకు దొరికే ఇళ్లన్నీ ఇలాంటివే కదా.