కనపడని గోడకు కర్టెన్లు

భవనానికి గోడ ఉండటం మోటు అని ఆర్కిటెక్టులు ఎప్పుడో తేల్చేశారు. ఇటుక వెలుగుకి అడ్డం, సున్నం కంటికి బరువు. గాజు అలా కాదు. ఉండీ లేనట్టుంటుంది, దాదాపు పరబ్రహ్మం.

ఈ తత్వం నాకు మొన్న మాదాపూర్‌లో ఒక ఆఫీసు గుమ్మం దగ్గర బోధపడింది. తలుపు తెరిచే ఉందనుకుని నడిచాను. విషయం ముందు ముక్కుకి తెలిసింది, తర్వాత నుదుటికి. గాజు మీద నా నూనె మరక గుండ్రంగా మిగిలింది. పక్కనే అలాంటివి మరో మూడు. "రోజూ ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు సార్" అని సెక్యూరిటీ ఆయన ఓదార్చాడు.

మయసభలో దుర్యోధనుడికి జరిగిందీ ఇదే. మూసిన స్ఫటికపు తలుపు తెరిచి ఉందనుకుని తల కొట్టుకున్నాడు. మయుడి పనితనాన్ని మెచ్చుకోవలసింది పోయి, పగబట్టి వ్యవహారాన్ని కురుక్షేత్రం దాకా లాగాడు. నేను అమృతాంజనం రాసుకుని ఊరుకున్నాను.

అమెరికాలో ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే కిడ్నీ డాక్టరమ్మ ఊరుకోలేదు. ఇలినాయ్‌లో ఫాక్స్ నది ఒడ్డున మీస్ వాన్ డెర్ రోహ్ అనే ఆర్కిటెక్టు ఆవిడకి కట్టిన వారాంతపు ఇల్లు 1951లో పూర్తయింది. నాలుగు వైపులా గాజే. బాత్రూములకు మాత్రం చెక్క చాటు దక్కింది, అంతవరకు ఆయన దయ. సింకు కింద చెత్తబుట్ట పెడితే వచ్చేవాళ్లకు దారిలోంచే కనిపిస్తుందని ఆవిడ గోల. వేసవిలో ఉక్క, రాత్రి దీపం పెడితే పురుగులు. ఫీజు బాకీ అని ఆయన, ఖర్చు మితిమీరిందని ఆవిడ కోర్టుకెక్కారు. వరద భయంతో ఇంటిని నేలకి 5 అడుగుల పైనే ఎత్తి కట్టినా, 1954లోనూ 1996లోనూ నది లోపలికి వచ్చింది. ఇంటికీ ప్రకృతికీ మధ్య అడ్డుండకూడదని చెప్పాక నదిని తప్పుపట్టడం ఏం న్యాయం?

2013లో లండన్‌లో 'వాకీటాకీ' అనే మేడ ఇంకో మెట్టు ఎక్కింది. దాని వంపు తిరిగిన గాజు ముఖం ఎండని పోగేసి, వీధిలో ఆపిన జాగ్వార్ కారు భాగాలను కరిగించింది. ఒక విలేకరి అక్కడే పెనం పెట్టి గుడ్డు వేయించాడు. చివరికి ఆ మేడకే ఎండ తగలకుండా అడ్డు కట్టారు.

ఇక మన హైదరాబాదు ఎండ సంగతి చెప్పేదేముంది! గాజులోంచి వెలుగు హాయిగా లోపలికి వస్తుంది. దాంతో వేడెక్కిన నేల, బల్లల సెగ మాత్రం అదే దారిన అంత సులువుగా బయటికి పోదు. నా నుదుటిని స్వాగతించిన ఆ ఆఫీసులో పడమటి గోడంతా గాజే. మధ్యాహ్నం 2 గంటలకు దాని మీద పైనుంచి కిందిదాకా బూడిదరంగు బ్లైండ్లు, లోపల వరసగా ట్యూబులైట్లు, గడగడలాడించే ఏసీ. ఒకచోట బ్లైండు గొలుసు తెగిపోతే, ఆ సీటు అమ్మాయి పాత తిరుపతి కాలెండరుని టేపుతో గాజుకి అంటించుకుంది. స్వామివారు లోపలివైపు, తెల్ల కాగితం ఎండవైపు.

"నేచురల్ లైట్ కోసమే సార్ ఇంత గాజు పెట్టించాం" అన్నారు మేనేజరు గారు. ఆ మాట రాసుకుందామని పెన్ను తీశాను. ఆయన లేచి, నా నెత్తి మీద ఇంకో లైటు వేశారు.