ముక్కు ఇంకా సెటిల్ కాలేదు

మా ఇంట్లో సెటిల్ కావాల్సిన విషయాలు ప్రస్తుతానికి నాలుగు. తమ్ముడి ఉద్యోగం, పెదనాన్న పొలం గట్టు, నా పెళ్ళి, నా ముక్కు. వీటిలో గట్టు అన్నిటికంటే పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా బరంపురం ఇటొచ్చింది, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం అటుండిపోయింది. రాష్ట్రాల సరిహద్దు తేలిపోయింది గానీ పెదనాన్నకీ పక్క పొలం ఆయనకీ మధ్య గట్టు మాత్రం తేలలేదు. ముక్కు అన్నిటికంటే కొత్తది. దాని వయసు పద్నాలుగు నెలలు.

ముక్కు సెటిల్ అవడం అనే మాట నా సొంతం కాదు, క్లినిక్ వాళ్ళది. ఆపరేషనైన నెలకి ఫోన్ చేసి, కుడి పక్క గాలి ఆడటం లేదండీ అన్నాను. "వాపు మేడమ్, సెటిల్ అవుతుంది" అంది అటుపక్క అమ్మాయి. మూడో నెలలో "చర్మం సెటిల్ అవ్వాలి కదా మేడమ్" అంది. ఆరో నెలలో "మీరు టెన్షన్ పడకండి, టెన్షన్ పడితే సెటిల్ అవదు" అంది. అంటే అప్పటికి తప్పు నా వైపు వచ్చేసింది. ఏడాది నిండాక చేస్తే "ఒక్కొక్కరికి ఒక్కోలా సెటిల్ అవుతుంది మేడమ్" అంది. ఇంతమంది ఇన్నిసార్లు సెటిల్ సెటిల్ అంటుంటే, నా ముక్కు ఏదో ప్రభుత్వోద్యోగం పరీక్ష రాసి ఫలితాల కోసం చూస్తోందేమో అనిపిస్తుంది.

అసలు దానికేం తక్కువైందని అడుగుతారేమో. మా తాత ఇచ్చిన ఆస్తుల్లో తగాదా లేనిది ముక్కొక్కటే. మధ్యలో చిన్న మిట్ట ఉండేది. ఇరవైతొమ్మిదేళ్ళు అది ఎవరి జోలికీ పోలేదు, రెండు పక్కలా గాలి పీల్చుకుని బతికింది. అప్పుడు సరిహద్దు అవతల నుంచి ఒక సంబంధం వచ్చింది. ఫొటో అడిగారు, పంపాం. పక్క నుంచి తీసిన ఫొటో అడిగారు, అదీ పంపాం. సంతలో అయితే నోరు తెరిచి పళ్ళు కూడా లెక్కపెడతారు, వీళ్ళు మర్యాదస్తులు, ఫొటోతో సరిపెట్టుకున్నారు. చూసి, "పిల్ల బాగుంది. ముక్కే కొంచెం..." అన్నారు. ఆ కొంచెం దగ్గర వాక్యం ఆపేశారు. దాన్ని పూర్తి చెయ్యడానికి మాకు లక్షా యాభై వేలయింది.

(కవులు కూడా తక్కువ తినలేదు. సంపెంగ పువ్వు తపస్సు చేసి ఆడదాని ముక్కయిందన్న పద్యం తన పేర ఉన్నందుకు నంది తిమ్మన ముక్కు తిమ్మన అయ్యాడు. ఆ ముక్కుకి ఎప్పుడైనా దిబ్బడ వేసిందో లేదో ఆయన చెప్పలేదు.)

ఇప్పుడు నా ముక్కు ఫొటోలో దివ్యంగా ఉంటుంది. క్లినిక్ గోడ మీద కూడా "ముందు, తర్వాత" ఫొటోలు వరసగా పెట్టారు. ఫొటోలో ఎవరూ ఊపిరి పీల్చరు కదా, అదొక సౌకర్యం. పీలిస్తే ఏమవుతుందో నేను చెప్తాను. జ్యూసు డబ్బా అడుగున చివరి గుక్క పీల్చినప్పుడు డబ్బా డొక్కలు లోపలికి పోతాయి చూడండి, నా కుడి ముక్కు గోడ అలా లోపలికి అతుక్కుంటుంది. ముక్కు పక్కన చెంప మీద వేలు పెట్టి కొంచెం బయటికి లాగితే గాలి వస్తుంది. వేలు తీస్తే పోతుంది. డాక్టర్లు దీన్ని కాటిల్ పరీక్ష అంటారు, రెండు క్షణాల పని. నేను పద్నాలుగు నెలలుగా అదే పరీక్ష రాస్తున్నాను.

దీనివల్ల దేశానికి జరిగిన మేలు ఒకటుంది. నేను పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాను. కుడిచేత్తో రాస్తూ, ఎడమచేతి వేలు ముక్కు పక్కన పెట్టుకుని కూర్చుంటాను. ఒకరోజు ఛత్రపురం నుంచి ఒకావిడ కూతురి పెళ్ళికి బరంపురం పట్టు కొనడానికి వచ్చింది. అంచున కుంభం ఉన్న చీర పట్టుకుని "తొమ్మిది వేలు చెప్తన్నారు, ఆరుకి ఇచ్చేయండి" అని ఇటు చూసింది. నేను ముక్కు మీద వేలేసుకుని ఉన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. "ఓలమ్మా, అంత తక్కువ అడిగేనేటి? పోనీ ఏడు" అంది. నాకు అప్పుడే గాలి అందుతోంది, వేలు తియ్యలేదు. "ఏడున్నర. ఇంక ఆ వేలు తియ్యమ్మా, నలుగురూ చూస్తన్నారు" అంది. పాపం అడిగింది కదా అని తీశాను. తియ్యగానే గాలి ఆగి నోరు తెరుచుకుంది. నేను నోరెళ్ళబెట్టాననుకుని ఆవిడ ఇంకో మూడు వందలు కలిపేసి డబ్బు లెక్కపెట్టేసింది. మా ఓనరుగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. మర్నాటికి నా బల్ల వెనక గది నుంచి గుమ్మం ముందుకి వచ్చింది. "నువ్వేం మాట్లాడొద్దమ్మా, అలాగే కూర్చో" అన్నారు. రెండో ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను, సెలవు కావాలి అంటే, ఆయన రంగు మారిపోయింది. "పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక చూసుకోకూడదా? ఈలోగా అదే సెటిల్ అవుతుందేమో."

చావింట్లో కూర్చున్నప్పుడు కూడా ఈ వేలు పోదు. పోయినాయన గురించి నాకేదో తెలిసిపోయిందని ఆ ఇంటి కోడళ్ళు వారం రోజులు నా వెంట పడ్డారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఏడాది ఆగమనడం అబద్ధం కాదు. ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. లోపలి గాయం మెత్తబడకముందే మళ్ళీ కత్తి పెడితే ఉన్నది కూడా పాడవుతుంది. అందుకే ఆగాను. కానీ వాపు వేరు, కూలిన గోడ వేరు. ముక్కు లోపల మధ్య గోడకీ పక్క మెత్తటి ఎముకకీ నడుమ ఒక సందుంటుంది. గాలి దారి మొత్తంలో ఇరుకైన చోటు అదే. మిట్ట తీసేటప్పుడు ఎక్కువ చెక్కేసి, ఆ సందుకి ఆనుగా ఏదీ పెట్టకపోతే అది మూసుకుపోతుంది. మూసుకుపోయింది సెటిల్ అవదు. దూలం విరిగిన ఇల్లు నాలుగు వానలకి సెటిల్ అవుతుందా? ఇది ఫోనెత్తే ఆ అమ్మాయికి తెలియకపోవచ్చు. కోసినవాళ్ళకి తెలుసు.

మా మావయ్యకి ఇవేవీ పట్టవు. "ముక్కు శస్త్రచికిత్స ప్రపంచానికి నేర్పింది మన సుశ్రుతుడే" అని రోజూ పొద్దున్నే ఫోన్‌లో మెసేజ్ పెడతాడు. నిజమే మావయ్యా. బుగ్గ చర్మంతో తెగిన ముక్కు ఎలా కట్టాలో ఆయన చెప్పాడు. ఇంకోటి కూడా నిజం. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే కోవాస్‌జీ అనే ఆయన టిప్పు సైనికులకి చిక్కితే ముక్కు కోసేశారు. పుణె దగ్గర ఇటుకలు చేసే కులం వాడొకడు నుదుటి చర్మంతో ఆయనకి కొత్త ముక్కు పెట్టాడు. ఆ సంగతి 1794 అక్టోబరులో లండన్ పత్రికలో అచ్చయింది, 1814లో కార్ప్యూ అనే డాక్టరు లండన్‌లో అదే పద్ధతిలో ముక్కు కట్టాడు. కోవాస్‌జీ కూడా కొత్త ముక్కు కోసం ఏడాది పైనే ఆగాడట. అయితే ఆయన ముక్కు కోసింది శత్రువులు. నాకు ముక్కుంది మావయ్యా, నిక్షేపంలా ఉంది. ఉన్నదాన్ని కోయించడానికి మనవాళ్ళే నన్ను టిక్కెట్ కొని రైలెక్కించారు.

రెండో డాక్టరు మంచివాడిలాగే ఉన్నాడు. వేలు పెట్టి చూసి, వెలుతురు వేసి చూసి, మధ్య గోడలో వాడుకోదగ్గ మెత్తటి ఎముక మిగల్లేదన్నాడు. చెవి నుంచి తీస్తాడట, చాలకపోతే పక్కటెముక నుంచి. దాన్ని సన్నగా చెక్కి సందుకి రెండు పక్కలా దూలాల్లా పెడతాడట. శూర్పణఖ నయం. లక్ష్మణుడు ముక్కూ చెవులూ ఒకేసారి తేల్చేశాడు, సంతకాలు అడగలేదు, బిల్లు ఇవ్వలేదు. నాకు ముక్కు నిరుడు, చెవి వచ్చే నెల. నూటికి ఐదుగురు నుంచి పదిహేను మంది దాకా మళ్ళీ బల్లెక్కుతారని, రెండోసారి పని మొదటిదానికంటే కష్టమని, ఖర్చూ ఎక్కువేనని ఆయన ముందే చెప్పాడు. మొదటి చోట ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. మా దుకాణానికి చీరలు తెచ్చే నేత తాత మాత్రం వినగానే అన్నాడు: "తెగిన పోగు ముడేస్తే చీర నిలుస్తాదమ్మా. ముడి మాత్రం వేలికి తగుల్తాది."

మరి ఆ సంబంధం ఏమైందంటారా? కట్లు విప్పాక కొత్త ఫొటో పంపాం. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పది రోజులకి కబురొచ్చింది. "ముక్కు బాగుంది. కానీ ఆపరేషనైన పిల్ల అంటున్నారు, మావాళ్ళు ఒప్పుకోవట్లేదు."

ఇది రాస్తుంటే నాకు నవ్వు రావట్లేదు. మీ అబ్బాయి ముక్కు ఎలా ఉందో మేం ఒక్క ఫొటో అడిగామా? ఆయన పొట్ట కొలిచామా? నా ఒంటి మీద మిట్ట ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది మీరు, చెక్కించాక మచ్చ ఎక్కడుందని వెతికింది మీరు. మీరు విడిచిన ఆ సగం వాక్యం నా ముక్కులో ఇరుక్కుని ఉంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాను. మీరు హాయిగా గుర్రు పెట్టి నిద్రపోతూ ఉంటారు. మీ ఇంట్లో అందరికీ రెండు పక్కలా గాలి ఆడుతుంది మరి.

మా వీధిలో కూరలమ్మే ఒడియా ముసలావిడ ఒకతె ఉంది. ఒడియాలో ముక్కుని నాకొ అంటారు, మన చెవికి "నాకు" అన్నట్టే ఉంటుంది. ఆపరేషనయ్యాక ఊళ్ళో ప్రతివాళ్ళూ నన్ను ఎడమ నుంచి కొంచెం, కుడి నుంచి కొంచెం చూసి మార్కులు వేశారు. ఈవిడ వంకాయలు తూస్తూ తల కూడా ఎత్తకుండా "నిశ్వాస నేఇ పారుఛు?" అంది. ఊపిరి తీసుకోగలుగుతున్నావా అని. నేను జవాబు చెప్పకుండా చిల్లర మర్చిపోయి వచ్చేశాను.

పోయిన వారం అమ్మతో కలిసి మళ్ళీ విశాఖ వెళ్ళాను. డాక్టరు దగ్గర ఒక ఫారం ఇచ్చారు. దేని కోసం వచ్చారు, ఊపిరి కోసమా, అందం కోసమా, టిక్కు పెట్టండి అని. ఊపిరికి టిక్కు పెట్టి, నీళ్ళ సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టాను. తల తిప్పేసరికి పెన్ను అమ్మ చేతిలో ఉంది. రెండో గడిలో కూడా టిక్కు పడిపోయింది.

"ఎలాగూ కోస్తారు కదే," అంది. "కొన కొంచెం ఎత్తుగా ఉందని మొన్న అత్త అంది. అది కూడా సెటిల్ అయిపోద్ది."