ఫైబ్రోబ్లాస్టు గారికి బహిరంగ లేఖ

అయ్యా ఫైబ్రోబ్లాస్టు గారూ,

మీరు కణజాలాన్ని పట్టి ఉంచే పోగులు నేసే కణాలు, మేం డిష్‌లో కండ పెంచేవాళ్లం. ఇన్నేళ్లలో మిమ్మల్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో మీరెప్పుడూ ‘కంటామినేషనే’. కండ ముక్కను కొల్లాజినేజ్ అనే ఎంజైమ్‌లో నానబెట్టి కణాలు విడగొట్టగానే మేం చేసే మొదటి పని మిమ్మల్ని సాగనంపడం. ఆ కణాలన్నిటినీ పూత లేని ఫ్లాస్కులో ఓ గంట వదిలేస్తాం. సిటీ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాడిలా మీరు గబగబా అతుక్కుపోతారు. కండగా మారాల్సిన మొహమాటపు మయోబ్లాస్టులు ఇంకా తేలుతూనే ఉంటాయి. పైనున్న ద్రవం తీసి మ్యాట్రిజెల్ అనే ప్రొటీన్ జెల్ పూసిన డిష్‌లోకి మార్చేస్తాం. మీరు ఫ్లాస్కుతో సహా బ్లీచ్‌లోకి.

అయినా వస్తారు. నూటికి ఇద్దరు మిగిలినా చాప కింద నీరే. 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం) మేస్తూ వంశం పెంచుతారు. సీరం మార్చి 2 శాతం హార్స్ సీరం పోయగానే మయోబ్లాస్టులు బుద్ధిగా విభజన మానేసి, ఒకదాంట్లో ఒకటి కలిసి పొడవాటి మయోట్యూబులవుతాయి. మీరు మాత్రం నెమ్మదిగానైనా కంటూనే ఉంటారు. ఐదో రోజుకి సందులన్నీ మీ కబ్జాలోనే. అప్పుడు 10 మైక్రోమోలార్ సైటోసిన్ అరబినోసైడ్ వేస్తాం. అది విభజన చెందేవాళ్లనే వెతికి చంపుతుంది.

ఇల్లంతా ఊడ్చుకుని హాయిగా కూర్చుంటామా, ఏడో రోజుకో పదో రోజుకో మయోట్యూబులు వాటంతటవే బిగుస్తూ సడలుతూ కొట్టుకోవడం మొదలెడతాయి. సంబరంగా ఫోన్‌లో వీడియో తీసేలోపే ఒక కొస లేస్తుంది. డిష్ ప్లాస్టిక్ కండ కన్నా లక్ష రెట్లకు పైగా గట్టిది, ఎంత లాగినా ఇసుమంత ఒంగదు. పట్టు వదిలిన ట్యూబు చుట్టుకుపోయి, మర్నాటికి మీడియంలో దారప్పోగులా తేలుతుంది. ట్యూబు ఎదిగిందనాలంటే కండను బిగించే సార్కోమియర్ల చారలు వరస కట్టాలి, కేంద్రకాలు అంచుకు జరగాలి, ఎదిగిన కండలో ఉండే రకం మయోసిన్ ప్రొటీన్ రావాలి. ఇవేవీ తేలకముందే ట్యూబు తేలిపోయింది.

అప్పుడు గుర్తొస్తారు మీరు. కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ ప్రొటీన్లు నేసి ట్యూబుల చుట్టూ మెత్తని పట్టు ఇచ్చేది మీరే కదా! రంజాన్‌లో భట్టీ మీద గంటలకొద్దీ ఉడికిన హలీమ్ గరిటెకి తీగలా సాగుతుంటే ఊరంతా మటన్‌ని మెచ్చుకుంటుంది. ఆ జిగటలో గోధుమల వాటా పోగా మిగిలింది కరిగి జిలాటిన్ అయిన మీ కొల్లాజెనే. అక్కడా మీ పేరెత్తినవాడు లేడు.

కాబట్టి రండి, కాని షరతులున్నాయి. ముందు విభజన ఆపే మందు మైటోమైసిన్-సి: మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు, రెండు మూడు గంటలు. ఆ తర్వాత మీకు సంతానం ఉండదు, చాకిరీ మాత్రం ఉంటుంది. పీబీఎస్ ఉప్పునీటితో మూడుసార్లు కడుగుతాం, ఆ మందు చుక్క మిగిలినా పక్కవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. మొదట పది మయోబ్లాస్టులకి మీరొక్కరు. ఎక్కువో తక్కువో తర్వాత చూసుకుందాం. మీ మంద పెరిగితే టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్ వదిలి మయోబ్లాస్టుల్ని కలవనివ్వరని తెలుసు. విమెంటిన్ ప్రొటీన్ రంగు చూపించి ‘నేనూ మయోబ్లాస్టునే’ అనకండి, అది ఇద్దరిలోనూ ఉంటుంది. మేం కండ కణాల గుర్తయిన డెస్మిన్ అడుగుతాం.

ఇట్లు,
ఇన్నాళ్లూ మిమ్మల్ని బ్లీచ్‌లో ముంచినవాళ్లు,
హైదరాబాద్.

తా.క. మ్యాట్రిజెల్‌ని రాత్రంతా 4 డిగ్రీల్లో కరగనిచ్చి, పిపెట్ టిప్పులు కూడా ఫ్రీజర్‌లో పెట్టి, ఐస్ మీదే పూయాలి. మే నెలలో ఏసీ ఆగిన గదిలో అది వేడికి పిపెట్‌లోనే గడ్డకడుతుంది. డిష్ అడుగున పూత ముద్దలు ముద్దలుగా మిగులుతుంది. అలాంటి చోట కూడా నిలదొక్కుకునేది మళ్లీ మీరొక్కరే.