భోజనాల బంతిలోంచి లేచి వెళ్ళిపోయిన పెద్దాయన

మొన్న 2025 ఆగస్టులో కందుకూరు కల్యాణ మండపంలో, బ్రిటన్‌లో ఉన్న మన ప్రకాశం, నెల్లూరు వాళ్ళ సంఘం పెట్టిన ఆత్మీయ సమ్మేళనం ఫొటోలు గ్రూపులో మీరందరూ చూసే ఉంటారు. జ్యోతి వెలిగించడం, బడిపిల్లలకు సైకిళ్ళు పంచడం, శాలువాలు కప్పడం, అన్నీ వచ్చాయి. ఆ రోజు ఆకు ముందు నుంచి లేచి వెళ్ళిపోయిన ఒక పెద్దాయన మాత్రం ఏ ఫొటోలోనూ లేడు. ఆయన గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

బ్రిటన్ నుంచి సెలవులకు వచ్చిన కుటుంబాలు ముప్పై దాకా ఉంటాయి. సన్మానాలయ్యాక మాట బ్రెగ్జిట్ మీదకు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం మీదకు పోయింది. జూలై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి కదా, ఆ వేడి ఇంకా తగ్గలేదు. యూరోపియన్ యూనియన్‌లోనే ఉండి ఉంటే బ్రిటన్ విడిగా ఏ దేశంతోనూ ఇట్లాంటి ఒప్పందం చేసుకునే వీలే లేదు, బయటికి రాబట్టే మన రొయ్యలకు సుంకం పోతోంది అన్నారొకరు. బయటికొచ్చాక సామాన్ల ధరలు, అద్దెలు ఎక్కడికి పోయాయో చూడమన్నారు ఇంకొకరు. ఉగాది సభల్లో తొమ్మిదేళ్ళుగా మనం వింటున్న వాదనే.

అప్పుడు వెనక వరసలోంచి ఆయన లేచాడు. పంచె, భుజాన తువ్వాలు. మైకు అడగలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాయనా, మా పాప ఆడ ముసలోళ్ళని చూసుకునే పనిలో ఉండాది. ఆ కంపెనీకి బయటి దేశాలోళ్ళని తెచ్చుకునే లైసెన్సు తీసేశారంట. ఉత్తరం వచ్చిన కాడ్నించి వేరే కంపెనీ చూసుకోడానికి 60 రోజులే టైమంట. మీ సంఘంలో ఎవరన్నా దారి చూపిస్తారా?"

వేదిక మీద నుంచి జవాబొచ్చింది. "అవన్నీ దొడ్డిదారిన వచ్చిన కేసులండీ. సంఘం వాటిలో తలదూర్చదు. ఇట్లాంటివాటి వల్లే అక్కడ మన పరువు పోతోంది."

ఆయన ఏమీ అనలేదు. కూర్చున్నాడు. భోజనాల దగ్గర నాకు రెండు ఆకుల అవతల ఆయన. పప్పు వేశారు, గోంగూర వేశారు, అన్నం పెట్టారు. నెయ్యి గిన్నె పట్టుకుని కుర్రాడు వస్తున్నాడు. ఎదుటి వరసలోంచి ఒక గొంతు, మెల్లగానే అయినా అందరికీ వినపడేటట్టు: "ఇట్లాంటివాళ్ళు రావడానికేనా మనం యూరప్ వాళ్ళని పంపించింది?" ఆయన అన్నం మీదుగా ఆకు మడిచాడు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కుర్రాడు నెయ్యి గిన్నెతో అట్లాగే నిలబడిపోయాడు.

మా నాయనమ్మ బతికుంటే ఆ పూట ఎవరినీ ముద్ద ముట్టనిచ్చేది కాదు. నేను మాత్రం తిన్నాను. పెరుగన్నం దాకా తిన్నాను. నోరెత్తకపోవడానికి నాకొక కారణముంది, ఇన్నాళ్ళూ దాన్ని సభలో చెప్పలేదు.

2016 జూన్ 23న నేను 'బయటికి వెళ్ళాలి' అనే గడిలోనే గుర్తు పెట్టాను.

అప్పటికి నాది భారత పాస్‌పోర్టే. యూనియన్‌లో ఉండాలా, బయటికి వెళ్ళాలా అని జనాన్ని అడిగిన ఆ రెఫరెండంలో, మనలాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళకూ బ్రిటన్‌లో ఉంటుంటే ఓటుంది. పిల్లల బడిలో పోలింగ్. వేలికి సిరా లేదు, గుర్తింపు కార్డు అడగలేదు. పేరు, ఇల్లు చెబితే జాబితాలో గీత కొట్టి కాగితమిచ్చారు. గదిలో తాడుకు కట్టిన పెన్సిలు. నాకప్పుడు కడుపు మంటగా ఉంది. 2012లో మన పిల్లలకు చదువయ్యాక రెండేళ్ళు పని చేసుకునే వీసా ఎత్తేశారు. అదే ఏడాది భార్యను తెచ్చుకోవాలంటే 18,600 పౌండ్ల జీతం చూపించాలన్నారు. యూరప్ నుంచి వచ్చేవాళ్ళకు ఆ షరతు లేదు. వాళ్ళ రాకను ఆపే వీలు లేక వలసల లెక్క తగ్గించే బరువంతా మన మీద మోపారు. ఆ కోపం అబద్ధం కాదు, ఇవాళ్టికీ కాదనను. వాళ్ళను ఆపితే మన కుర్రాళ్ళకు, మన వంటవాళ్ళకు చోటొస్తుందని ప్రచారం చేశారు. నమ్మాను.

మా పక్కింట్లో పోలండ్ ఆవిడ ఉండేది. మా ఆవిడకు రెండో కాన్పు నొప్పులొచ్చిన రాత్రి పెద్దవాడిని నిద్రలోనే ఎత్తుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళి మూడు రోజులు చూసుకుంది. పదేళ్ళకు పైగా అక్కడే పని, పన్ను కడుతోంది. ఆమెకు ఓటు లేదు. యూరప్ దేశాల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఆమె ఆ దేశంలో ఉండాలా వద్దా అన్నది నన్నడిగారు. శుక్రవారం పొద్దున 51.9 శాతంతో ఫలితం వచ్చింది. సాయంత్రం ఆవిడ మా పులిహోర గిన్నె కడిగి తిరిగివ్వడానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, "మీరు ఓటేశారా?" అంది. వేశానన్నాను. ఎటు వేశానో అడగలేదు. 2019లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

మన ప్రకాశం, నెల్లూరు వాళ్ళకు ఈ బాధ తెలియదంటే ఎట్లా ఒప్పుకోను? బ్రిటన్ పోకముందు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాను. 2014 జూన్‌లో రాష్ట్రం రెండైనప్పుడు కూకట్‌పల్లిలో ఇల్లు కొనుక్కున్న మా అన్న ఫోన్ చేసి, "మమ్మల్ని సెటిలర్లు అంటున్నార్రా" అన్నాడు. ఆ మాట పలికేటప్పుడు వాడి గొంతులో ఉన్న బెరుకు నాకింకా గుర్తుంది. తెలంగాణ వాళ్ళ కోరికలో న్యాయముందా లేదా అన్నది వేరే సంగతి, ఉందనే అనుకుంటాను. కానీ ఉన్నచోటే మనిషి ఒక్క రాత్రిలో బయటివాడైపోవడం ఎట్లా ఉంటుందో రెండేళ్ళ ముందే విన్నాను. విని కూడా పెన్సిలు పట్టుకున్నాను. తర్వాత బ్రిటన్ ఆ యూరప్ వాళ్ళకు ఇచ్చిన కాగితం పేరు కూడా 'సెటిల్డ్ స్టేటస్'.

కందుకూరు సంగతే చూడండి. 1970లో నెల్లూరు నుంచి తీసి కొత్త ఒంగోలు జిల్లాలో పెట్టారు. 1972లో ఆ జిల్లాకే టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. వెనక్కి ప్రకాశంలోకే పంపాలని 2025లో ఒక మాట నడిచింది. దగ్గరున్న ఒంగోలు వదిలి అంత దూరం నెల్లూరు కలెక్టరేటుకు తిరగడం కష్టమే, నేను కాదనను. అయినా ఏ హద్దు మారినప్పుడూ అంకమ్మ గుడి వీధిలో ఎవరినీ నువ్వు ఏ జిల్లావాడివని లేపలేదు. మన ఊళ్ళను నేను నెత్తిన పెట్టుకోను. కొత్తవాడు కనిపిస్తే "ఎవరి తాలూకు?" అని అడిగి కులం తేలేదాకా వదలం. సంఘం ఎన్నికల్లో కూడా ఆ లెక్కే వేస్తున్నాం, మీకూ తెలుసు. అయినా వచ్చినవాడిని ఆకలితో పంపడం మాత్రం అక్కడ లేదు. ఆ రోజు ఆ ఒక్కటి కూడా పోగొట్టుకున్నాం.

మర్నాడు అడ్రసు కనుక్కుని ఉలవపాడు దాటి సముద్రం వైపు వెళ్ళాను. కాయ అయిపోయిన మామిడి తోటలు, ఆ తర్వాత రొయ్యల గుంటలు. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన గట్టు మీద నిలబడి చెక్ ట్రే పైకి లాగి చూస్తున్నాడు. మేత సగం అట్లాగే ఉంది. ఒక రొయ్యను తీసి వెలుతురుకు పెట్టి పేగు నిండిందో లేదో చూసి మళ్ళీ నీళ్ళలో వదిలాడు.

"బాబాయ్, నిన్న..." అన్నాను.

"దాందేముంది నాయనా, మజ్జిగ తాగు" అన్నాడు.

మూడెకరాల లీజు గుంట. అమెరికా సుంకం 50 శాతం చేస్తామన్న కబురొచ్చిన దగ్గర్నుంచి కొనేవాళ్ళు రేటు దించేశారు. యూరప్ దారి చూస్తే, 2016 నుంచి మన పెంపకం రొయ్యల సరుకులో సగం ఆపి మందుల అవశేషాలకు పరీక్ష చేస్తోంది. అందుకే బ్రిటన్ ఒప్పందం మీద ఆయనకూ ఆశే. అమల్లోకి వస్తే 4.2 నుంచి 8.5 శాతం దాకా ఉన్న సుంకం సున్నా అవుతుంది. వేదిక మీద ఆ మాట నిజమే చెప్పారు.

కానీ ఆ సంతకాలకు రెండు రోజుల ముందు, జూలై 22న, బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకునే వీసా దారిని అదే బ్రిటన్ మూసేసింది. 2022 ఫిబ్రవరిలో తెరిచింది కూడా వాళ్ళే, యూరప్ వాళ్ళు రాక వృద్ధాశ్రమాల్లో మనుషులు చాలనప్పుడు. ఈ అమ్మాయి ఆ దారినే వెళ్ళింది. కట్టిన డబ్బు 18 లక్షలు, ఏజెంటు చేతికి. వీసా కోసం యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ కాగితం అమ్ముకునే సరుకు కాదని, లైసెన్సున్న యజమానుల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఊరికే చూసుకోవచ్చని ఆయనకు చెప్పినవాడు లేడు. పాతికమంది ఎన్నారైలున్న మండలం అది. ఇందులో ఆయన దొడ్డిదారి ఏముంది?

2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో బ్రిటన్‌కు నికర వలస 9 లక్షలు దాటింది, అందులో ఎక్కువమంది యూరప్ బయటివాళ్ళే. ఇప్పుడు వీధిలో కోపం మన మొహాల మీదకే తిరిగింది. శాశ్వత నివాసానికి ఐదేళ్ళ గడువును పదేళ్ళు చేస్తామని 2025 మే నెలలో ప్రభుత్వమే ప్రతిపాదించింది. మనం పాతకాపులం, వాళ్ళు వేరే మేము వేరే అని చెప్పుకుంటే మనల్ని విడిచిపెడతారనుకోవడం భ్రమ. ఏరు దాటి తెప్ప తగలేసే పని నేనొకసారి చేశాను, మా పక్కింటావిడ తెప్పను. ఇంకోసారి నా చేత చేయించకండి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. కేర్ పనిలో ఉన్నవాళ్ళకు సభ్యత్వ రుసుము వద్దు. ఒక ఫోన్ నంబరు పెట్టి, ఆ ఫోనెత్తడానికి వారానికొకరం వంతులేసుకుందాం. ఇప్పటికే ఆ దేశంలో ఉన్నవాళ్ళు వేరే స్పాన్సర్ దగ్గరికి మారే దారి ఇంకా తెరిచే ఉంది. మనలో నర్సింగ్ హోములు నడిపేవాళ్ళున్నారు, డాక్టర్లున్నారు, సొలిసిటర్లున్నారు. పైఏడు కందుకూరులో సైకిళ్ళ పక్కనే ఒక బల్ల వేసి, ఏజెంటుకు డబ్బు కట్టకముందే వచ్చి అడగమని జనానికి చెబుదాం. ఆ రోజు వేదిక మీద ఒకరు, బంతిలో ఒకరు ఆ మాటలన్నారు, ఇద్దరూ నాకు ఆప్తులు. ఒకసారి ఉలవపాడు వెళ్ళి ఆ గట్టు మీద మజ్జిగ తాగి రమ్మని వాళ్ళను చేతులెత్తి అడుగుతున్నాను.

నేను బయల్దేరేటప్పుడు ఆయన కూతురికిమ్మని ఎండు రొయ్యల పొడి డబ్బా చేతిలో పెట్టాడు. సెప్టెంబర్‌లో ఆ అమ్మాయి ఉండే ఊరికి వెళ్ళి ఇచ్చాను. నలుగురు ఆడపిల్లలు ఒకే ఇంట్లో. మూత తీసి వాసన చూసి కాసేపు మాట్లాడలేదు. ఉత్తరం అప్పటికే వచ్చేసింది, సెప్టెంబర్ 12 తేదీతో. టీ ఇస్తూ అంది:

"ఆ రోజు మీ సభకు మా నాయన వచ్చాడంట గదన్నా. సంఘం వాళ్ళు బాగా మర్యాద చేశారు, భోజనాలు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పాడు."

అవునమ్మా అన్నాను.

ఆమె గడువు నవంబర్ 11. మన కార్యవర్గం నవంబర్ 2న కూర్చుంటోంది. ఆ సమావేశం ఈ నెలలోనే పెట్టండి.