మురుగుకు లేని సరిహద్దు

బెంగళూరు శివారు బొమ్మసంద్ర నుంచి తమిళనాడులోని హోసూరుకు మెట్రో కుదరదట. కరెంటు పొసగదట. బెంగళూరు మెట్రో సంస్థ తేల్చిన సంగతి ఇది. అదే బెంగళూరు నుంచి అదే హోసూరుకు మురుగునీరు మాత్రం ఏళ్లుగా ఏ అడ్డూ లేకుండా వస్తూనే ఉంది. దానికి సాధ్యాసాధ్యాల నివేదిక అడిగినవారు లేరు. సాంకేతిక అభ్యంతరం చెప్పినవారూ లేరు. హోసూరు జనం రైలో, బస్సో అడిగినప్పుడే అత్తిబెలె దగ్గర రాష్ట్ర సరిహద్దు ఒకటుందని కర్ణాటకకు గుర్తొస్తుంది.

హోసూరు గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే అంగట్లో వినిపించే ఊరు. బెంగళూరుకు నలభై కిలోమీటర్లు. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. ఆ తర్వాత అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాయి. 2019లో కార్పొరేషన్ అయింది. బేరిగ, బాగలూరు, తళి వైపు పండే కూరగాయలు, గులాబీలు తెల్లవారేసరికి బెంగళూరు మార్కెట్లో ఉంటాయి. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర కంపెనీలకు ఇక్కణ్నుంచి రోజూ మనుషులు వెళ్తారు. బెంగళూరు వీటన్నింటినీ నిరభ్యంతరంగా తీసుకుంటోంది. బదులుగా పంపేది ఏమిటో హోసూరు పక్కనున్న కెలవరపల్లి డ్యామ్ దగ్గర నిలబడితే కనిపిస్తుంది, దానికి ముందే వాసన చెబుతుంది.

నంది కొండల్లో పుట్టే దక్షిణ పినాకిని తమిళనాడులోకి తెన్‌పెణ్ణైగా అడుగుపెట్టేది హోసూరు దగ్గరే. బెంగళూరు ఆగ్నేయ భాగపు మురుగు బెళ్లందూరు చెరువులో చేరుతుంది. అక్కణ్నుంచి వర్తూరు చెరువుకు, వర్తూరు నుంచి ఈ నదిలోకి, నదిలోంచి కెలవరపల్లి జలాశయానికి వస్తుంది. బట్టల సబ్బుల్లో, గిన్నెల సబ్బుల్లో నురగ పుట్టించే రసాయనాలు ఆ నీటిలోనే ఉంటాయి. నిలిచి ఉన్నంతసేపు అవి కంటికి కనిపించవు. గేట్లెత్తగానే నీరు ఎత్తు నుంచి పడి గాలితో కలిసి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలకబడుతుంది. అప్పుడు తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా లేచి కాలువల మీదా, చప్టాల మీదా, పక్క పొలాల్లోనూ పరుచుకుంటుంది. గాలి వీస్తే ముక్కలు ముక్కలుగా ఎగిరి రోడ్డున పోయేవారి మీద పడుతుంది. తొలకరిలో ఇది మరీ ఎక్కువ. ఏడాది పొడవునా చెరువు అడుగున పేరుకున్న బురదను మొదటి వరద పైకి లేపి మోసుకొస్తుంది. వానచాటున కొన్ని పరిశ్రమలు తమ వ్యర్థాలనూ వదిలేస్తున్నాయని రైతుల ఆరోపణ. ఆ నీటిలో దిగి పని చేస్తే ఒళ్లు దురదలని కూలీలు రారు. డ్రిప్పుకు వాడదామంటే రంధ్రాలు పూడుకుపోతాయి, ఫిల్టరు రోజూ విప్పి కడగాలి. నురగ మీద నీళ్లు కొట్టి అణచడం ఒక్కటే అధికారులకు తెలిసిన వైద్యం. అణిగేది నురగే, నీటిలోని రసాయనం నీటిలోనే ఉండి పొలానికి చేరుతుంది.

అయినా సాగుకు పనికొస్తుందని చెప్పడానికి కాగితం మీద వీలుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో సాగునీటిది 'ఈ' తరగతి. అందులో చూసేవి నాలుగే: పీహెచ్ 6 నుంచి 8.5 మధ్య ఉండాలి, నీటిలో కరిగిన లవణాలను చెప్పే విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 2,250 మైక్రోమోలు దాటకూడదు, సోడియం నిష్పత్తి 26 మించకూడదు, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. డిటర్జెంటు ఎంతుందో, మలంలోని క్రిములు ఎన్ని ఉన్నాయో ఆ తరగతి అడగదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ సంగతీ పట్టించుకోదు. చేప బతకని నీరు కూడా ఈ పరీక్షలో పాసై పోగలదు. కొత్తిమీర, పాలకూర పెరిగేది ఆ నీటితోనే. ఆ ఆకుకూరలు తిరిగి ఎక్కువగా వెళ్లేది బెంగళూరు వంటింటికేనని అక్కడివారికి ఎవరైనా చెబితే బాగుండు.

బెంగళూరుకు నీరు శుద్ధి చేయడం చేతకాదా అంటే, అదీ కాదు. కోరమంగళ-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోసే పథకం 2018 నుంచి నడుస్తోంది. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని కోలారు రైతులు అడుగుతున్నారు. న్యాయమైన కోరికే. కానీ గమనించండి. సొంత జిల్లాకు పంపేటప్పుడు శుద్ధి, ఎన్ని దశలన్న చర్చ, పైపులైను, పంపులు. పక్క రాష్ట్రానికైతే పల్లానికి వదిలేస్తే చాలు! బెళ్లందూరు చెరువు నురగలు కక్కి, మంటలంటుకుని దేశమంతా నవ్వినాక, 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, బెంగళూరు పాలికెకు 25 కోట్ల రూపాయల జరిమానా వేసింది. చెరువు బాగుకు 500 కోట్లు విడిగా ఉంచమంది. నిద్ర చెడగొట్టే సొమ్మే అది. అయినా కెలవరపల్లి నురగ ఆగలేదు. మంట బెంగళూరులో లేస్తే వార్త, నురగ హోసూరులో లేస్తే వానాకాలం.

ఈ మాట అంటున్న మనం మన ఇంటివైపూ ఒకసారి చూసుకోవాలి. హైదరాబాద్ మూసీలోకి వదిలిన మురుగుతోనే భువనగిరి, వలిగొండ వైపు వరి పండుతోంది. అక్కడ రాష్ట్రం హద్దు అడ్డు లేదు, అయినా నదిది అదే గతి. పెద్ద నగరం ఎక్కడిదైనా దాని కింద బతికే ఊళ్ల గతి ఒకటే. హోసూరు విషయంలో అదనంగా ఉన్నది సరిహద్దు అనే సాకు.

ఇక మెట్రో. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్ల పసుపు మార్గం 2025 ఆగస్టులో తెరుచుకుంది. దాన్ని హోసూరు దాకా పొడిగించాలంటే ఇంకో 23 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా తమిళనాడు నేల మీదే. బెంగళూరు మెట్రో నడిచేది పట్టాల పక్కన వేసే మూడో పట్టా నుంచి తీసుకునే 750 వోల్టుల డీసీతో. హోసూరు పొడిగింపుకు తమిళనాడు తరఫున చెన్నై మెట్రో ప్రతిపాదించింది పైతీగ నుంచి వచ్చే 25 వేల వోల్టుల ఏసీ. ఇప్పుడున్న బెంగళూరు మెట్రో రైలు రెండింటి మీదా నడవదన్నది నిజమే. అందుకని ప్రయాణికుడు కూడా నడవలేడా? గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రోదీ 750 వోల్టుల మూడో పట్టానే, ఢిల్లీ మెట్రోది 25 వేల వోల్టుల పైతీగే. సికందర్‌పూర్‌లో జనం ఒక రైలు దిగి, వంతెన మీదుగా నడిచి, రెండో రైలెక్కి పోతున్నారు. బొమ్మసంద్రలో అలాంటి వంతెన కట్టడానికి అడ్డొచ్చేది వోల్టేజీ కాదు, మనసు. కన్నడిగుల పన్నుతో తమిళనాడు ఊరిని పెంచడమేమిటని, పరిశ్రమలు హద్దు దాటిపోతాయని అక్కడి సంఘాలు అంటున్నాయి. భయం అర్థమవుతుంది. కానీ ఆ రైలెక్కి పొద్దున్నే పనికి వెళ్లేది బెంగళూరు కంపెనీలకేనన్న సంగతి ఆ సంఘాలకు తెలియనిది కాదు.

బెంగళూరు సబర్బన్ రైలుదీ అదే కథ. కేంద్రం 2020లో ఒప్పుకున్న నాలుగు మార్గాల్లో ఒకటి హీలలిగె దాకా వచ్చి, హోసూరు ముంగిట్లోనే ఆగిపోతుంది. హోసూరు రైల్వే స్టేషన్ మాత్రం నైరుతి రైల్వే బెంగళూరు డివిజన్ కిందే ఉంది! పెత్తనం చేయడానికి ఉన్న అధికారం రైలు పంపడానికి లేకపోయింది.

రోడ్డు మీద బతుకు ఇంకా చిత్రం. హోసూరులో ఉంటూ బొమ్మసంద్రలో కుట్టుపనికి పోయే ఒక ఆడకూతురి లెక్క చూడండి. తమిళనాడు టౌన్‌బస్సులో 2021 నుంచి ఆమెకు టికెట్టు లేదు, కానీ ఆ ఉచితం జూజువాడి హద్దుతో సరి. అవతల 2023 జూన్ నుంచి కర్ణాటక శక్తి పథకం ఉంది, దానికి కర్ణాటక చిరునామా కావాలి. రెండు ఉచితాల మధ్య నిలబడి ఆమె డబ్బిచ్చి టికెట్టు కొంటుంది. ఆటోలో పోదామంటే హోసూరు ఆటో పర్మిట్టు హద్దు దాటదు. అత్తిబెలెలో దిగి ఇంకో బండి చూసుకోవాలి, ఆలస్యమైతే ఆ పూట హాజరు పోయినట్టే. సొంత బండి ఉన్నవారికీ సుఖం లేదు. వేరే రాష్ట్రంలో వరుసగా పన్నెండు నెలలు మించి ఉంచిన బండికే అక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. రోజూ రాత్రి ఇంటికి తిరిగొచ్చే బండికి అది వర్తించదు. అయినా టీఎన్ నంబరు చూసి ఆపితే, తాను ఇంటికి తిరిగి వెళ్తున్నానని ఫాస్టాగ్ లెక్కలు తీసి రుజువు చేసుకోవాల్సింది బండివాడే. అదే సరిహద్దు దాటే పినాకిని నీటిని ఆపి కాగితాలు అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు.

తమిళనాడు తక్కువదేమీ కాదు. హోసూరులో 2,000 ఎకరాల్లో ఏటా 3 కోట్ల ప్రయాణికులకు సరిపోయే అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని ముఖ్యమంత్రి స్టాలిన్ 2024 జూన్‌లో అసెంబ్లీలో ప్రకటించారు. బెంగళూరు విమానాశ్రయానికి 150 కిలోమీటర్లలోపు, మైసూరు, హాసన్‌లు తప్ప, 2033 దాకా ఇంకోటి రాకూడదన్న ఒప్పందం ఉందని చెన్నైకి తెలియదా? తెలుసు. ఒప్పందం ఉన్నా ప్రకటన చేయడానికి ఖర్చు లేదు. ఇదే నది ఉపనది మీద కర్ణాటక కట్టిన యార్గోల్ ఆనకట్ట మీద 2018లో సుప్రీంకోర్టుకు వెళ్లిన తమిళనాడు ప్రభుత్వం, నీరు తగ్గితే వేసిన కేకలో సగమైనా నీరు కుళ్లితే వేయలేదు. ఇక హోసూరు కార్పొరేషన్. ఏళ్ల తరబడి భూగర్భ డ్రైనేజీ లేకుండానే లేఅవుట్లకు ముద్రలు వేస్తూ పెరిగిన ఊరిది. తన మురుగును చెరువుల్లోకి వదిలిన ఊరు ఎగువవాడిని నిలదీస్తే ఆ గొంతులో పట్టు ఉండదు. రామనాయకన్ చెరువు గట్టున ముక్కు మూసుకుని నడిచే కౌన్సిలర్లకు ఈ మాట చేదుగానే ఉంటుంది.

చేయాల్సిన పని కొత్తదీ కాదు, పెద్దదీ కాదు. నది సరిహద్దు దాటే చోట రెండు రాష్ట్రాలవి కాని, కేంద్రం చేతిలోని యంత్రాలు పెట్టాలి. కరిగిన ఆక్సిజన్, బీవోడీ (మురుగు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్), ఫాస్ఫేటు, డిటర్జెంటు రోజూ కొలవాలి. ఆ అంకెలు అదే రోజు జనానికి కనిపించాలి. పరిమితి మించిన ప్రతి రోజుకూ డబ్బు కట్టించి, అది కెలవరపల్లి ఆయకట్టు రైతుకు చేర్చాలి. ఈ మాత్రం పెట్టని తమిళనాడు విమానాశ్రయం పటం పట్టుకు తిరగడం హోసూరును ఎగతాళి చేయడమే. బెంగళూరు పెద్దలకు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న. బొమ్మసంద్రలో రైలును కచ్చితంగా ఆపగలిగినవారు, వర్తూరులో మురుగును ఆపలేమంటే మమ్మల్ని నమ్మమంటారా?